గోడ కూలును

అక్షరం కనిపించిన ప్రతిదాన్నీ పిల్లలు విశ్లేషించి తీరాలని పైనుంచి ఉత్తర్వు వచ్చినప్పుడు మా నేలపర్రు హైస్కూల్లో మనస్ఫూర్తిగా సంతోషించినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను తెలుగు మేస్టార్ని. లెక్కల మేస్టారికి ట్యూషన్లున్నాయి, ఇంగ్లీషు మేస్టారికి గౌరవం ఉంది, సైన్సు మేస్టారికి ప్రయోగశాల తాళంచెవి ఉంది. నాకు మిగిలినవి ప్రార్థన గీతం, అతిథులకు సన్మానపత్రం. అలాంటిది ఒక ప్రభుత్వ పథకం నా సబ్జెక్టుని వెతుక్కుంటూ ఊళ్లోకొచ్చింది. ఆ రోజు స్టాఫ్ రూంలో నేను కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాను.

పథకం పేరు పాఠ్యదర్శిని. నిజం చెప్పాలంటే అందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. పిల్లలు బట్టీ పట్టడం మాని చుట్టూ ఉన్న రాతల్ని చదవాలి. బస్సు టిక్కెట్టు, శుభలేఖ, మందు సీసా మీది కాగితం, పంచాయతీ నోటీసు, సినిమా పోస్టరు, ఏదైనా పాఠ్యమే. దాన్ని ఎవరు రాశారు, ఎవరికోసం రాశారు, ఎందుకు రాశారు, ఏ గొంతుతో రాశారు అని అడగాలి. తరువాత దాన్ని వేరే రకం పాఠ్యం పక్కన పెట్టి పోల్చాలి. ఇంతే.

పిల్లలు మొదటి వారంలోనే నన్ను ముంచేశారు. తొమ్మిదో తరగతి కుర్రాడొకడు శుభలేఖనీ కరెంటు బిల్లునీ పోల్చి, రెంటికీ తేదీ ముఖ్యమే గానీ డబ్బు ఎవరు కట్టాలో కరెంటు బిల్లులోనే స్పష్టంగా ఉందని రాశాడు. ఎనిమిదో తరగతి నేలపూడి దీవెన పురుగుమందు డబ్బానీ ఎన్నికల కరపత్రాన్నీ తెచ్చింది. ఆ పిల్ల నాన్న కొబ్బరి దింపు పని చేస్తాడు. ఇంట్లో ఉన్న రాతలు ఆ రెండేనట. డబ్బా మీద పుర్రె బొమ్మ వేసి ప్రమాదం అని రాశారు, కరపత్రం మీద నవ్వుతున్న బొమ్మ వేసి ఏమీ రాయలేదు, కాబట్టి డబ్బా రాసినవాళ్లకే మన మీద ఎక్కువ శ్రద్ధ ఉంది అని తేల్చింది. ఆ కాగితాన్ని నేను ఇంటికి తీసుకెళ్లి మా ఆవిడకి చదివి వినిపించాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో పిల్లల రాత ఇంటికి పట్టుకెళ్లి చదవడం అదే మొదలు.

ఒక పథకం వల్ల పిల్లలు బాగుపడుతున్నారని తెలిస్తే పైవాళ్లు ఊరుకోరు కదా. రెండో ఉత్తర్వు వచ్చింది. "పాఠ్యపుస్తకములయందలి పాఠములు పాఠ్యములుగా పరిగణింపబడవు" అన్నది అందులో మొదటి వాక్యం. ప్రతి బడీ తన ఆవరణలో ఉన్న రాతలన్నిటినీ పాఠ్యసంపదగా ప్రకటించాలి. ప్రకటించిన పాఠ్యాన్ని చెరపడం, మార్చడం, తొలగించడం నేరం. సంపద తక్కువగా ఉన్న బడులు వెనకబడిన బడులు.

దాంతో మండలంలో ప్రతి బడికీ రాతల కరువొచ్చింది. పక్క ఊరి బడిలో బీరువా మీద బీరువా అనీ, బెంచీ మీద బెంచీ అనీ రాయించి, పిల్లల చేత ఆ రెంటినీ పోల్పించారట. బీరువా గొంతు గంభీరంగానూ, బెంచీ గొంతు వినయంగానూ ఉందని ఒకడు రాస్తే వాడికి బహుమతి కూడా ఇచ్చారు. మా హెడ్మిస్ట్రెస్ దొమ్మేటి సత్యవేణి గారు అలాంటి పన్లకి ఒప్పుకోలేదు. ఆవిడ లెక్కల్లోంచి వచ్చిన మనిషి. ఉన్నది ఉన్నట్టు చూపించండి మేస్టారూ, లేనిది పుట్టించొద్దు అంది. ఉన్నదాంట్లో ఆవిడకి గుర్తు రానిది, నేను గుర్తు చెయ్యనిది, గోడ మీది రాత.

ఆ గోడ సంగతి ముందే చెప్పాలి. మా బడి వెనక ఒక పాత పెంకుల గది ఉండేది. తుపానుకి కప్పు ఎగిరిపోతే, మిగిలిన గోడల్ని పడగొట్టడానికి మంజూరు వచ్చింది. ఆ కాగితంలో గోడలు మూడు అని పడింది. నాలుగు గోడల గదికి మూడెందుకు పడ్డాయో టైపు కొట్టినవాళ్లకే తెలియాలి. కంట్రాక్టరు నిజాయితీపరుడు, మూడు గోడలే పడగొట్టి వెళ్లిపోయాడు. నాలుగోది ఒంటరిగా నిలబడి, ప్రతి వానకీ కొంచెం కొంచెం కుళాయిల వైపు వాలుతూ వచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లలంతా చేతులు కడుక్కునేది ఆ కుళాయిల దగ్గరే.

సత్యవేణి గారు ఆ నాలుగో గోడ కోసం తిరగని ఆఫీసు లేదు. రోజూ భోజనాల వేళ తను తినకుండా వెళ్లి గోడకీ పిల్లలకీ మధ్య నిలబడేది. గోడ నిజంగా పడితే ఈవిడ ఒక్కత్తే ఆపుతుందా అని మేం నవ్వుకునేవాళ్లం. ఆవిడకీ తెలుసు ఆపలేనని. అయినా నిలబడేది. చివరికి డ్రాయింగు మేస్టారి చేత గోడ మీద హెచ్చరిక రాయించింది. పెద్ద వాక్యానికి రంగు చాలదని డ్రాయింగు మేస్టారు గొణిగితే, పొట్టి వాక్యం చెప్పమని నన్నడిగారు. "గోడ కూలును. దగ్గరకు రారాదు" అని చెప్పాను. మొదటి వాక్యం పెద్ద ఎర్రటి అక్షరాలతో వచ్చింది. రెండో వాక్యానికి వచ్చేసరికి రంగు అడుగంటింది కాబట్టి అది దగ్గరకు వెళ్తే తప్ప కనబడనంత చిన్నదైంది.

ఆ తరువాత కొన్నాళ్లకే ఆవిడ తిరుగుడు ఫలించింది. వచ్చే సోమవారమే గోడ పడగొట్టమని ఇంజనీరుకి ఆర్డరు వచ్చింది. వానాకాలం ఇంకా మొదలవలేదు. ఆవిడ ఆ రోజు స్టాఫుకంతా పూతరేకులు పంచింది.

శుక్రవారం నాడు జిల్లా పాఠ్య సమన్వయాధికారి గంటి చిదంబరం గారు తనిఖీకి వచ్చారు. ఆయన మంచివాడే, ఎవరినీ కసిరి ఎరగడు. కాకపోతే సర్క్యులర్లు రాసి రాసి మాట కూడా అలాగే అయిపోయింది. రాగానే కొబ్బరి నీరు లభ్యమగునా అని అడిగారు. మా అటెండరు తెల్లమొహం వేస్తే, బొండాం ఉందా అని అడుగుతున్నారని నేను చెప్పాల్సి వచ్చింది. తాగాక పిల్లల కాగితాలు చూసి, చేతులు కడుక్కోవడానికి కుళాయిల వైపు వెళ్లి, అక్కడే ఆగిపోయారు.

చాలాసేపు గోడనే చూశారు. అటు నడిచి చూశారు, ఇటు నడిచి చూశారు. కళ్లజోడు తుడుచుకున్నారు. మందు కాగితం రోగం మీద అంటించి ఉండదు, బస్సు టిక్కెట్టు బస్సు మీద రాసి ఉండదు, కానీ ఇక్కడ రాత దేనిగురించో దాని మీదే ఉందని, ఇలాంటి సజీవ పాఠ్యం తన సర్వీసులో చూడలేదని అన్నారు. అది నటన కాదు. అందుకే నాకు భయం వేసింది.

సత్యవేణి గారు నెమ్మదిగా చెప్పింది. "సోమారం పడగొట్టేత్తారండి. ఆర్డరు కూడా వచ్చేసింది. వానలు పడకుండా తీయించెయ్యకపోతే పిల్లల మీద పడతాదండి."

"అమ్మా, మీరు గోడను చూచుచున్నారు. నేను పాఠ్యమును చూచుచున్నాను."

ఆవిడ నా వైపు చూసింది. నేను నేల చూశాను. శనివారం సాయంత్రానికి ఉత్తర్వు వచ్చేసింది. సదరు గోడను జిల్లా పాఠ్యసంపదగా ప్రకటించడమైనదనీ, తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు యథాతథ స్థితి కొనసాగవలెననీ, గోడ యొక్క వాలును కూడా పాఠ్యభాగముగానే పరిగణించవలెననీ అందులో ఉంది. వాలు సరిచేస్తే అర్థం మారిపోతుందట.

సోమవారం ఇంజనీరు బుల్లబ్బాయి గారు గునపాలతో, కూలీలతో వచ్చారు. ఆయన చేతిలో రెండు కాగితాలున్నాయి. ఒకటి పడగొట్టమంటోంది, ఒకటి ముట్టుకోవద్దంటోంది. రెంటినీ మార్చి మార్చి చదువుకుని, నన్ను పక్కకి పిలిచారు.

"మేస్టారూ, నాకో సాయం చెయ్యండి. ఈ కూలును అన్నది ఏ కాలవండి?"

ఎందుకని అడిగాను. ఆయన ఓపిగ్గా చెప్పారు. వాళ్ల డిపార్టుమెంటులో దేనికైనా కాలాన్ని బట్టే నిధులట. గోడ ఇప్పుడు కూలుతూ ఉంటే అది అత్యవసరం, పై ఆఫీసుకి ఫోను చెయ్యాలి. ఇకముందు కూలేదైతే అది ప్రతిపాదన, వచ్చే ఏడాది బడ్జెట్టులో పెట్టాలి. "అదే బూతకాలవైతే పేచీయే లేదండి. పడిపోయిందంటే తుపాను నిధులుంటాయి, ఎంటనే చేసెయ్యొచ్చు" అన్నారు. తెలుగు పండితుడి దగ్గర కాలనిర్ధారణ పత్రం తీసుకొస్తే చాలు, ముట్టుకోవద్దన్న కాగితాన్ని తను చూసుకుంటానన్నారు.

నా చదువు ఒక గోడకి పనికొస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. కాస్త ఛాతీ పొంగింది కూడా. కానీ పత్రం రాద్దామని కూర్చుంటే చెయ్యి ఆడలేదు. సభ రేపు జరుగును అంటే అది భవిష్యత్తు. సూర్యుడు తూర్పున ఉదయించును అంటే అది తద్ధర్మం, అంటే ఎప్పుడూ ఉండే స్వభావం. రెంటికీ రూపం ఒకటే. గోడ కూలును అన్నది సభలాంటిదా, సూర్యుడిలాంటిదా? భవిష్యత్తు అని రాస్తే వచ్చే ఏడాది దాకా ఆగాలి. తద్ధర్మమని రాస్తే అసలు ఎప్పుడూ తియ్యరు. వర్తమానమని రాద్దామంటే వ్యాకరణం ఒప్పుకోదు. సత్యవేణి గారు నా ఎదుట నిలబడి, ఏదో ఒకటి రాసెయ్యండి, వ్యాకరణం మీద గోడ పడదు కదా అంది. నేను కళ్లు మూసుకుని వర్తమానం అని రాసిచ్చాను.

చిదంబరం గారు దాన్ని ఆక్షేపించారు. మండలంలోని తెలుగు పండితులందరితో సంఘం వేశారు. సంఘం కుళాయిల దగ్గరే కూర్చుని పొద్దున్నించి వాదించింది. మధ్యలో గోడ పైనుంచి ఒక ఇటుక జారి అధ్యక్షుడి గొడుగు పక్కన పడింది. ఆయన దాన్ని పక్కకి జరిపి చర్చ కొనసాగించారు. సాయంత్రానికి ఏకగ్రీవంగా తీర్మానించారు. కూలుట గోడ యొక్క స్వభావము. సూర్యుడు ఉదయించుటకు తేదీ అడుగము, అట్లే దీనికిని అడుగరాదు. స్వభావమునకు మరమ్మతు లేదు. నేను సంతకం పెట్టనన్నాను. నా అసమ్మతిని వేరే రకం పాఠ్యంగా నమోదు చేసి, తీర్మానంతో పోల్చమని పదో తరగతికి ఇచ్చారు.

ఆ తరువాత మా బడి యాత్రాస్థలమైంది. చుట్టుపక్కల బడులన్నీ పిల్లల్ని ఆటోల్లో ఎక్కించుకుని గోడ చదివించడానికి తెచ్చేవి. అయితే ఒక చిక్కొచ్చింది. దగ్గరకు రారాదు అన్న వాక్యం చిన్న అక్షరాల్లో ఉంది కాబట్టి దూరం నుంచి కనబడదు. సగం పాఠ్యం చదివితే విశ్లేషణ సగమే వస్తుంది. అందుకని చిదంబరం గారు గోడకి మూరెడు దూరంలో సున్నంతో గుండ్రంగా గీత గీయించి, దానికి పఠన బిందువు అని పేరు పెట్టారు. ప్రతి పిల్లా అందులో నిలబడి, దగ్గరకు రారాదు అని గట్టిగా చదివి, అది ఏ గొంతుతో రాశారో చెప్పాలి. ఎక్కువమంది ఆప్యాయమైన గొంతు అన్నారు. ఒక్కొక్కరూ గోడకి తల ఎత్తి ఆ మాట చదువుతుంటే, సత్యవేణి గారు ఆఫీసు గది కిటికీ మూసేసుకునేది.

మా పిల్లల్ని మాత్రం ఆవిడ కుళాయిల వైపు వెళ్లనివ్వడం మానేసింది. గేటు దగ్గర బకెట్లు పెట్టించి, భోజనాలయ్యాక మా చేత నీళ్లు పోయించేది. సైన్సు మేస్టారు చెంబు పట్టుకోవడం ఆ రోజుల్లోనే నేర్చుకున్నారు.

కానీ మూల్యాంకనం మా పిల్లలకీ తప్పలేదు. ఎనిమిదో తరగతి వంతొచ్చింది. అందరూ వరసగా వెళ్లి బిందువులో నిలబడి వచ్చారు. దీవెన వెళ్లలేదు. గేటు దగ్గరే కూర్చుని కాగితం రాసి నాకిచ్చింది. అందులో ఇలా ఉంది. "ఈ పాఠ్యం రాసింది మా హెడ్ మేడమ్ గారు. మా కోసం రాశారు. మా మీద గోడ పడకూడదని రాశారు. భయపడుతున్న గొంతుతో రాశారు. దగ్గరకు రావద్దని మా ఫ్రెండు చదివి చెప్పింది. నాకు అర్థమైంది. అందుకని నేను దగ్గరకు వెళ్లలేదు."

నేను పూర్తి మార్కులు వేశాను. జిల్లా నుంచి అది సున్నా అయి తిరిగొచ్చింది. కింద చిదంబరం గారు స్వహస్తాలతో రాశారు. "విద్యార్థిని పాఠ్యమును అక్షరార్థముననే గ్రహించినది. విశ్లేషణ స్థాయికి ఎదగవలసి యున్నది."

ఆ పిల్ల సున్నా చూసి ఏడవలేదు. ఇంకేదో అడగాలని నా చుట్టూ తచ్చాడింది. చివరికి అడిగింది. "మేస్టారండీ, తరవాత ఆరో తరగతోళ్లదంట కదండీ. మా తమ్ముడు ఆరో తరగతండి. ఆడు కూడా అక్కడ నిలబడాలాండి?"

నేను వెళ్లి హెడ్మిస్ట్రెస్ గారితో చెప్పాను. ఆవిడ ఆ రోజు నుంచి ఆరో తరగతి మూల్యాంకనాన్ని వాయిదా వేయిస్తూ వచ్చింది. కళ్ల పరీక్షలన్నది, నులిపురుగుల మాత్రలన్నది, ఎవరికో ఆటలమ్మ పోసిందన్నది. లెక్కల మనిషి, పుట్టి బుద్ధెరిగి అబద్ధం చెప్పి ఉండదు. చెప్పిన ప్రతిసారీ మొహం కందగడ్డలా అయిపోయేది. ఈలోగా వానలు మొదలయ్యాయి. గోడ ఇంకా వాలింది. వాలుతున్న కొద్దీ పాఠ్యం బలపడుతోందని చిదంబరం గారు పైకి నివేదిక పంపారు.

ఆ నివేదిక చూసి రాష్ట్రం నుంచి బృందం బయల్దేరింది. వాళ్ల ముందు ఆరో తరగతి మొత్తం ఒకేసారి పఠన బిందువు దగ్గర సామూహికంగా చదవాలన్నారు. ఆ రోజుకి వాయిదా కుదరదని, హాజరు కాకపోతే సత్యవేణి గారిని సస్పెండు చేస్తామని రాతపూర్వకంగానే వచ్చింది.

ఆ ఉదయం బడి రూపమే మారిపోయింది. పైన ముసురు, కింద బురద. షామియానా తెచ్చారు. తెచ్చినవాళ్లకి ఒకవైపు రాటలు చాలక, ఆ వైపు తాళ్లు గోడకున్న పాత కిటికీ ఊచలకి బిగించి కట్టారు. నేను అడ్డం పడితే, గట్టిగానే ఉన్నాయి లెండి మేస్టారూ అన్నాడు షామియానా కుర్రాడు. ఊచలు గట్టివే. గోడ కిందే కుర్చీలు వేశారు, వాటి మీద తెల్లటి తువ్వాళ్లు పరిచారు. మధ్య కుర్చీ రాష్ట్ర నిపుణురాలికి, పక్కది చిదంబరం గారికి.

ప్రార్థన అయ్యాక సత్యవేణి గారు దీవెనని ముందుకి పిలిచింది. పిల్లలంతా వింటుండగా మామూలు గొంతుతో ఒక్క పని చెప్పింది. "ఆ గోడ మీదేం రాసుందో ఆరో తరగతోళ్లకి నువ్వు చదివి చెప్పమ్మా. అర్థం కూడా చెప్పు." ఇంకేమీ అనలేదు. వెళ్లొద్దని ఎవరికీ చెప్పలేదు. పిల్లలకి చదవడం నేర్పించమనే కదా పథకం.

దీవెన చదివి చెప్పింది. కూలును అంటే పడిపోద్దని, రారాదు అంటే రావొద్దని చెప్పింది. అంత కష్టమైన పాఠం కాదు. ఆరో తరగతి అంతా గేటు దగ్గర నేల మీద కూర్చుంది. వాళ్ల ముందు వరసలో దీవెన తమ్ముడు బురద పట్టిన కాళ్లు చాపుకుని కూర్చున్నాడు.

బృందం వచ్చింది, కుర్చీల్లో కూర్చుంది. మైకులో ఆరో తరగతిని రమ్మన్నారు. ఎవరూ కదల్లేదు. మళ్లీ పిలిచారు. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని, లేచినట్టే లేచి మళ్లీ కూర్చున్నారు. మధ్యలో ఒకడు లేచి, రావొద్దని రాసుందండి అని అరిచి చెప్పాడు. ఆ అరుపు మైకు లేకుండానే అందరికీ వినబడింది.

నిపుణురాలి మొహం మాడింది. ఈ బడిలో పిల్లలు ఇంకా అక్షరార్థం దగ్గరే ఆగిపోయారా అని చిదంబరం గారిని అడిగారు. ఆయన చెమట తుడుచుకుని, ఇప్పుడే సరిచేయుదును అని లేచారు. ఆవిడా చూస్తానంటూ లేచారు. ఆవిడ లేస్తే మిగతావాళ్లు కూర్చోకూడదు కాబట్టి అంతా లేచారు. బురదలో అడుగులో అడుగు వేసుకుంటూ గేటు దాకా వచ్చి, పిల్లల ముందు నిలబడ్డారు.

చిదంబరం గారు ప్రసంగం మొదలుపెట్టారు. వాచ్యార్థము వేరు, వ్యంగ్యార్థము వేరు అన్నారు. రారాదు అనెడి పదమును రారాదు అని గ్రహించుట ప్రాథమిక దశ అన్నారు. ఉన్నత దశయందు పాఠకుడు పాఠ్యమునకు సమీపముగా వెళ్లును అన్నారు. అంతలో ఏటి వైపు నుంచి గాలి కొట్టింది. షామియానా పొట్ట ఉబ్బింది. తాళ్లు బిగిశాయి. గోడ పెద్ద హడావుడి లేకుండా, అలసిపోయినవాడు మంచం మీద వాలినట్టు, కుర్చీల మీద వాలిపోయింది.

ఎర్రటి దుమ్ము లేచి వానలో తడిసి కిందకి దిగింది. కుర్చీలు కనబడలేదు. తెల్ల తువ్వాలు కొస ఒకటి ఇటుకల్లోంచి బయటికి ఉంది. సున్నం గీత ఎక్కడుందో తెలియలేదు.

సత్యవేణి గారు పిల్లల్ని లెక్కపెట్టింది. అందరూ ఎదురుగానే ఉన్నారు. మళ్లీ లెక్కపెట్టింది. తరువాత ఆ బురదలోనే కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. దీవెన తన తమ్ముడి చెయ్యి పట్టుకుని నిలబడింది, వదల్లేదు.

చిదంబరం గారు వెనక్కి తిరిగి కుర్చీలున్న చోటు చూశారు. ఆయన నోట మామూలు తెలుగు నేను విన్నది అప్పుడొక్కసారే.

"అమ్మబాబోయ్, ఇందాకా నేనక్కడే కూర్చున్నానండి."

సాయంత్రానికి ఆయనకి మళ్లీ భాష వచ్చేసింది. బృందము తన విశేషానుభవముతో విద్యార్థులను సకాలమున పాఠ్యమునకు దూరముగా నుంచి, వారి యొద్దకే తరలి వెళ్లి మార్గదర్శనము చేయుట వలన ప్రాణనష్టము తప్పినదని నివేదిక వెళ్లింది. సత్యవేణి గారికి సంజాయిషీ నోటీసు వచ్చింది. జిల్లా పాఠ్యసంపద ఆవిడ సంరక్షణలో ఉండగా ఎట్లు శిథిలమైనదో తెలుపవలెను. కూలుట గోడ స్వభావమని పండితుల సంఘమే తేల్చింది కదా అని ఆవిడ జవాబు రాసింది. దానికి తిరుగు జవాబు రాలేదు. దీవెన సున్నా సున్నాగానే ఉంది, పఠన బిందువులో నిలబడని కారణంగా.

అందరికంటే సంతోషించింది బుల్లబ్బాయి గారు. మర్నాడే వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపేశారు. "బూతకాలవైపోయిందండి మేస్టారూ, ఇంక మనకి అడ్డే లేదు" అన్నారు. అన్నట్టే తుపాను నిధులు వచ్చాయి. ఇటుకలన్నీ ఎత్తించారు, కుళాయిల దగ్గర చప్టా కూడా కట్టించారు. గోడ బతికుండగా దానికి రాని డబ్బు అది పోయాక ఆగకుండా వచ్చింది. పిల్లలు మళ్లీ కుళాయిల దగ్గర చేతులు కడుక్కుంటున్నారు. సత్యవేణి గారు మధ్యాహ్నం మా అందరితో కూర్చుని అన్నం తింటోంది.

పాఠ్యసంపదలో ఖాళీ ఉండకూడదు కాబట్టి గోడ ఉన్నచోట ఒక రేకు బోర్డు పెట్టించారు. డ్రాయింగు మేస్టారు పాత అక్షరాలే చూసి రాశారు. మార్చింది ఒక్క చోటే. ల పక్క కొమ్ము తీసి, పైన ఎత్వం పెట్టారు. గోడ కూలెను.

సంవత్సరాంత పరీక్షలో జిల్లా అంతటికీ ఒకటే ప్రశ్న వచ్చింది. గోడ కూలును, గోడ కూలెను అను రెండు పాఠ్యములను పోల్చుము. జిల్లాలో చాలామంది మొదటిది స్వభావమనీ, రెండోది చరిత్ర అనీ రాశారట. దీవెన రాసింది ఇది.

"రెండింటికీ ఒక్క గుణింతమే తేడా. మొదటిది చదివినవాళ్లు ఏదో ఒకటి చెయ్యాలి. దూరంగా జరగాలి, లేకపోతే గోడ తీయించాలి. రెండోది చదివినవాళ్లు ఏమీ చెయ్యక్కర్లేదు, అయ్యో అంటే చాలు. మొదటిది పిల్లల కోసం రాశారు. రెండోది పెద్దవాళ్ల కోసం రాశారు. వాళ్లకి అదే బాగా అర్థమవుతుంది."

నేను పూర్తి మార్కులు వేసి పైకి పంపాను. ఈసారి సున్నా కాలేదు. కాగితం మాత్రం తిరిగొచ్చింది, ఒక ప్రశ్నతో. ఇది సమాధానమా, ఫిర్యాదా, వ్యంగ్యమా? సదరు పాఠ్యము ఏ రకమునకు చెందునో తెలుగు ఉపాధ్యాయుడు నిర్ధారించి పంపవలెను.

నేను ఎక్కువసేపు ఆలోచించలేదు. హెచ్చరిక, అని పెద్ద అక్షరాలతో రాశాను. దాని కింద చిన్న అక్షరాలతో, దగ్గరకు రావచ్చును, అని కలిపాను.